1989 మస్టాంగ్ 5.0: ఇంజెక్టర్లు కొనేముందు పెట్రోలు కొలిచి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ అర్థమయ్యేలా ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. నీది 1989 ఫోర్డ్ మస్టాంగ్ ఎల్‌ఎక్స్ 5.0, ఐదు గేర్ల మాన్యువల్. పాత ఓనరు దానికి ఇంజన్‌లోకి గాలిని 8 పీఎస్‌ఐ ఒత్తిడితో (దీన్నే బూస్ట్ అంటాం) నెట్టే సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ బిగించాడు. ఇంజెక్టర్లు మాత్రం కంపెనీతో వచ్చిన 19 పౌండ్లవే, అంటే ఒక్కోటీ గంటకి అంత పెట్రోలు చిమ్మేవి. కిట్‌తో వచ్చిన ఎఫ్‌ఎంయూ (బూస్ట్‌లో పెట్రోలు ప్రెషర్ పెంచే పరికరం) ఇంకా ఉంది. ట్యాంకులో ఏ పంపు ఉందో నీకు తెలీదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 4,500 ఆర్‌పీఎం దాకా వైడ్‌బ్యాండ్ మీటరు (ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్లు గాలో చూపేది) 11.8 చూపిస్తోంది, 5,000 దాటగానే 13.6కి పాకుతోంది. 60 పౌండ్ల ఇంజెక్టర్లు వేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు. వెయ్యనా అని అడిగావు.

వెయ్యొద్దు. దానికంటే ముఖ్యంగా, ఇది సరయ్యేదాకా కారుని బూస్ట్‌లోకి తీసుకెళ్లొద్దు. మామూలుగా ఆఫీసుకి వెళ్లిరా, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచు, ఇబ్బంది లేదు. బూస్ట్‌లో ఉండగా 13.6 అంటే సిలిండర్‌లో పెట్రోలు తక్కువై మంట వేడి విపరీతంగా పెరుగుతోందని అర్థం. అక్కడినుంచి డెటొనేషన్ (పెట్రోలు, గాలి మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవడానికి, పిస్టన్ అంచు కరగడానికి నిమిషాలు అక్కర్లేదు, సెకన్లు చాలు. నీ ఇంజన్‌లో ఉన్నవి ఫోర్జ్‌డ్ పిస్టన్లు. 1993లో ఫోర్డ్ వాటిని హైపర్‌యుటెక్టిక్ అనే, వాటికంటే పెళుసైన పోత రకానికి మార్చింది. నీది అంతకు ముందుది కాబట్టి కొంచెం తట్టుకుంటుంది. ఆ కొంచెం మీద ఆధారపడి ఇంకోసారి లాగి చూద్దాం అనుకోకు.

నేనీ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పదేళ్ల కిందట నా 1990 ఎల్‌ఎక్స్‌కి కొత్త పంపు, 42 పౌండ్ల ఇంజెక్టర్లు, ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త లెక్కలు (ట్యూన్) అన్నీ పెట్టించాను. పంపు ఒక షాపులో వేయించాను. వాళ్లు పంపు మార్చారు, దానికి వెళ్లే తీగ మాత్రం పాతదే ఉంచేశారు. నేనూ అడగలేదు. ఒక సాయంత్రం మూడో గేర్‌లో లాగుతుంటే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు చప్పుడొచ్చింది. కాలు తీసేలోపే అయిపోయింది. ఇంటికొచ్చి ప్లగ్గులు విప్పితే ఏడో సిలిండర్ ప్లగ్ తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు. గోటితో గీకితే వెండిలా మెరిశాయి. అవి నా పిస్టన్ తాలూకు అల్యూమినియం. తర్వాత మీటరు పెట్టి చూస్తే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు ప్లగ్ దగ్గర 10.6. కొత్త పంపు మంచిదే. దానికి తిండే అందలేదు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు చేసేవారు. పంపుని కాలిబ్రేషన్ బెంచి మీద బిగించి తిప్పితే గాజు గొట్టాల్లోకి డీజిల్ పడేది. అన్ని గొట్టాల్లో మట్టం ఒక్కలా లేకపోతే ఆ పంపు లారీ ఎక్కేది కాదు, డ్రైవర్ ఎంత తొందరపెట్టినా సరే. ఆ బెంచి పక్కన పెరిగి కూడా నా కారుకొచ్చేసరికి కొలవకుండా నమ్మేశాను. నువ్వలా చెయ్యకు.

ఇక లెక్కకి వద్దాం. పెట్రోలు ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు అర పౌండు పెట్రోలు తాగుతుంది. సూపర్‌చార్జర్ ఉంటే చల్లదనం కోసం రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువగా పోసి నడపాలి కాబట్టి 0.6 వేసుకుంటాం. నీ కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు 225 హార్స్‌పవర్. 8 పీఎస్‌ఐ బూస్ట్‌తో, ఎగ్జాస్ట్ మార్చి ఉంటే క్రాంక్ దగ్గర 350 నుంచి 380 దాకా అనుకుందాం. పై అంకె తీసుకుంటే 380ని 0.6తో గుణిస్తే గంటకి 228 పౌండ్లు. ఎనిమిది ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి 28.5. ఇంజెక్టర్‌ని నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 80 శాతం దగ్గర ఆపాలి. అంటే కావలసింది సుమారు 36 పౌండ్ల ఇంజెక్టర్. కొంచెం వెసులుబాటుతో 42 వేసుకుంటే నిశ్చింత. 42 పౌండ్లవి ఎనిమిది, 80 శాతం డ్యూటీ దగ్గర, దాదాపు 450 హార్స్‌పవర్‌కి సరిపోతాయి. నీ 5.0 ఇంజన్‌నే 302 అంటారు, దాని కంపెనీ బ్లాకు చక్రాల దగ్గర 500 హార్స్‌పవర్ ప్రాంతంలో మధ్యలో చీలే ప్రమాదం ఉందని ఈ కార్లు నడిపేవాళ్లందరికీ తెలుసు. కాబట్టి ఈ బ్లాకు మీద 60 పౌండ్ల ఇంజెక్టర్లకి పనే లేదు. పైగా పాత తరం పెద్ద ఇంజెక్టర్లు ఐడిల్‌లో అంత చిన్న మోతాదు కచ్చితంగా చిమ్మలేవు. సిగ్నల్ దగ్గర కారు ఊగుతూ, ముక్కుకి పెట్రోలు వాసన కొడుతూ నిలబడుతుంది.

మరి 19 పౌండ్ల ఇంజెక్టర్లతో ఇన్నాళ్లు ఎలా నడిచింది అంటావా? దానికే ఎఫ్‌ఎంయూ. మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగెళ్లే రిటర్న్ లైన్‌లో బిళ్లలా కూర్చుని, బూస్ట్ రాగానే ఆ దారిని నొక్కేస్తుంది. దాంతో ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే రైల్‌లో ప్రెషర్ అమాంతం పెరుగుతుంది. ప్రతి ఒక పీఎస్‌ఐ బూస్ట్‌కీ పది, పన్నెండు పీఎస్‌ఐ పెట్రోలు ప్రెషర్ పెంచేవి ఉన్నాయి. చిన్న ఇంజెక్టర్ నుంచి ఎక్కువ పిండడానికి ఆ రోజుల్లో అదొక ఉపాయం. అప్పట్లో ఈ కంప్యూటర్‌ని ట్యూన్ చేసే సాధనాలు అందరి చేతిలో లేవు, కాబట్టి ఆ కిట్లు చేసినవాళ్లని తప్పుపట్టను. కానీ ఒక చిక్కుంది. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు ప్రెషర్ వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ప్రెషర్ రెట్టింపు చేస్తే పెట్రోలు రెట్టింపవదు, 1.41 రెట్లే అవుతుంది. అంటే 39 పీఎస్‌ఐ దగ్గర 19 పౌండ్లు ఇచ్చే ఇంజెక్టర్ 78 దగ్గర 27 ఇస్తుంది. నీకు కావలసింది 28.5, అదీ ఇంజెక్టర్ పూర్తిగా తెరిచి ఉంచితే. ఇంకా పైకి, 100 దాటి నెట్టాలి. అక్కడ పంపు చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ప్రెషర్ పెరిగేకొద్దీ ఏ ఎలక్ట్రిక్ పంపు అయినా ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. చాలా పంపుల్లో ప్రెషర్ మితిమీరితే తెరుచుకునే వాల్వు కూడా లోపలే ఉంటుంది. 4,500 దాకా బాగుండి 5,000 తర్వాత లీన్ అవడం (పెట్రోలు తక్కువ పడడం) సరిగ్గా ఈ లక్షణమే. ఆర్‌పీఎం పెరిగితే అడిగే పెట్రోలు పెరుగుతుంది, సెంట్రిఫ్యూగల్ కాబట్టి బూస్ట్ కూడా పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే పంపు దగ్గర ఇవ్వడానికేం మిగలదు.

అయితే ఇది నా అనుమానం మాత్రమే. ఇంటి దగ్గరే, కారు నడపకుండా, తేల్చుకునే పద్ధతి ఉంది. అదే నీకు అన్నిటికంటే ముఖ్యం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు జాగ్రత్త. ఇక్కడ అమెరికాలో మన ఇళ్లల్లో చాలామందికి గ్యారేజీలోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది. దాని అడుగున పైలట్ మంట వెలుగుతూ ఉండొచ్చు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ వెళ్లి ఆ మంటని చేరుతుంది. కాబట్టి కారుని బయట డ్రైవ్‌వేలోకి తొయ్యి. మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా పెట్టుకో. బల్బు దీపం వాడకు, ఎల్‌ఈడీ వాడు. పక్కన ఇంకో మనిషి ఉండాలి.

రైల్ మీద ష్రేడర్ వాల్వు ఉంటుంది, టైరు వాల్వులాంటిదే. దానికి ప్రెషర్ గేజి బిగించు. రైల్ ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీద ఉన్న సన్నటి వాక్యూమ్ గొట్టం తీసేయ్. రిటర్న్ గొట్టం విప్పి, నేల మీద పెట్టిన పెట్రోలు క్యాన్‌లోకి వదులు. బ్యాటరీకి చార్జర్ తగిలించు, వోల్టేజీ 13.5 దగ్గర ఉండాలి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా, హుడ్ కింద ఉన్న కంప్యూటర్ టెస్ట్ కనెక్టర్‌లో పంపు పిన్నుని ఎర్త్ చేస్తే పంపు ఆగకుండా నడుస్తుంది. ఏ పిన్నో నీ సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. ఇప్పుడు గేజి 39 పీఎస్‌ఐ దగ్గర నిలబడాలి. ఫోర్డ్ పెట్టిన లెక్క అదే, 2.7 బార్. నీకు 8 పీఎస్‌ఐ బూస్ట్ కదా, రెగ్యులేటర్ ముక్కుకి గేజి ఉన్న చేతి పంపుతో 8 పీఎస్‌ఐ గాలి పెట్టు. ఎఫ్‌ఎంయూకి మాత్రం గాలి పెట్టకు. గేజి 47కి ఎక్కాలి. అక్కడ ఉండగా సరిగ్గా 30 సెకన్లు పెట్రోలు క్యాన్‌లోకి పట్టి కొలువు.

నీకు కావలసిన 228 పౌండ్లు అంటే గంటకి దాదాపు 140 లీటర్లు, 30 సెకన్లకి 1.2 లీటర్లు. ఈ కార్లలో కంపెనీ పంపు గంటకి 88 లీటర్లదని చెప్తారు, అది ఉంటే నీ క్యాన్‌లో ముప్పావు లీటరుకి మించదు. 255 లీటర్ల పంపు ఉంటే 2 లీటర్ల దాకా రావాలి. ముప్పావు లీటరే వస్తే పాత ఓనరు సూపర్‌చార్జర్ పెట్టి పంపు వదిలేశాడన్నమాట. 2 లీటర్లు వస్తే పంపు ఇప్పటికే పెద్దది, లోపం ఎఫ్‌ఎంయూ, చిన్న ఇంజెక్టర్ల పద్ధతిలోనే ఉంది. మధ్యలో ఎక్కడో ఆగితే ఫిల్టర్ మార్చి మళ్లీ కొలువు. పంపు నడుస్తుండగానే పంపు ప్లగ్ దగ్గర వోల్టేజీ కూడా చూడు. బ్యాటరీకీ దానికీ తేడా అర వోల్టు దాటకూడదు. ఈ ఒక్క అంకె చూడకే నేను ఇంజన్ పోగొట్టుకున్నాను.

పంపు మార్చాల్సి వస్తే 255 లీటర్లది చాలు. మార్కెట్లో పంపులు చేసే వాల్‌బ్రో కంపెనీ పేరుతో నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. ధర చూసి కాదు, అధీకృత డీలరు దగ్గర కొను. ట్యాంకు దింపేముందు పెట్రోలు పావు ట్యాంకుకంటే తక్కువ ఉండేలా చూసుకో. నిండు ట్యాంకు 15 గ్యాలన్ల పైమాటే, ఆ బరువు జాక్ మీద ఊగితే పట్టుకోలేవు. ట్యాంకులో పంపు వేలాడే హ్యాంగర్‌ని పట్టి ఉంచే లాక్ రింగ్‌ని ఇత్తడి కడ్డీతో తట్టు, ఇనుముతో కొడితే నిప్పురవ్వ లేస్తుంది. రింగ్ కింద రబ్బరు సీలు, ట్యాంకు మూతి దగ్గర రబ్బరు రింగు కొత్తవి వెయ్యి. ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు మళ్లీ పనికొస్తుందనుకోవద్దు.

ఇక్కడ చాలామంది చేసే ఒక పొరపాటు చెప్తాను, దీనివల్ల నెలల తరబడి తిప్పలు పడ్డవాళ్లని చూశాను. పంపునీ హ్యాంగర్‌నీ కలిపే చిన్న గొట్టం ముక్క ఉంటుంది, రెండు అంగుళాలు. అది ట్యాంకు లోపల, పెట్రోల్లో మునిగి ఉంటుంది. బయట వాడే ఇంజెక్షన్ గొట్టం మీద జే30 ఆర్9 అని ఉంటుంది. అది లోపలినుంచి పెట్రోలు తట్టుకుంటుంది కానీ బయటినుంచి నానితే ఉబ్బి, మెత్తబడి, పగులుతుంది. మునిగి ఉండేచోట జే30 ఆర్10 అని రాసున్న గొట్టమే వాడాలి. ఖరీదు ఎక్కువే, ఒక్క అడుగు కొంటే చాలు. తప్పుడు గొట్టం వేస్తే ట్యాంకులోనే ప్రెషర్ లీకై, నీకు ఇప్పుడున్న లక్షణమే మళ్లీ వస్తుంది. అప్పుడు కొత్త పంపుని తిట్టుకుంటావు. ఇక్కడి బంకుల్లో దొరికే పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది కాబట్టి హుడ్ కింద ఉన్న పాత రబ్బరు గొట్టాలన్నీ కూడా ఈ పనిలోనే మార్చెయ్యి.

పంపు తీగ విషయం. ఫెండర్ మీద స్టార్టర్ రిలే ఉంది కదా, దాని బ్యాటరీ వైపు బోల్టు నుంచి 10 గేజి తీగ తీసి, మొదట్లోనే ఫ్యూజు పెట్టి, డిక్కీ దాకా లాగు. అక్కడ 30 ఆంప్స్ రిలే పెట్టి పంపుకి కరెంటు దానిలోంచి ఇవ్వు. పాత పంపు తీగని రిలేని ఆన్ చెయ్యడానికి మాత్రమే వాడు. అలా చేస్తే డిక్కీలో ఉన్న ఇనర్షియా స్విచ్ కూడా మునుపటిలాగే పనిచేస్తుంది. కారు దేన్నైనా గుద్దితే పంపుని ఆపేసేది ఆ స్విచ్చే. దాన్ని తప్పించి కనెక్షన్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, దయచేసి అలా చెయ్యకు. ఎర్త్ తీగ కూడా అంతే లావుది వేసి, పెయింటు గీకిన ఇనుము మీద బిగించు.

రెగ్యులేటర్‌కి కంగారుపడక్కర్లేదు. పెద్ద పంపు వేశాక వాక్యూమ్ గొట్టం తీసి చూసినప్పుడు ప్రెషర్ 39 దగ్గరే ఉంటే పాతదే ఉంచు. 44, 45కి ఎక్కితే అది అంత రిటర్న్‌ని వదల్లేకపోతోందని అర్థం, అప్పుడు అడ్జస్ట్ చేసుకునే రెగ్యులేటర్ పెట్టు. కంపెనీ లైన్లు నీ 380కి సరిపోతాయి. స్టీలు అల్లిక గొట్టాలు, రంగురంగుల ఏఎన్ ఫిట్టింగులు హుడ్ ఎత్తితే చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ ఆ డబ్బు ముందు ట్యూన్‌కి పెట్టు.

ట్యూన్ అన్నాను కదా, 42 పౌండ్ల ఇంజెక్టర్లు వేసిన రోజే ఎఫ్‌ఎంయూ తీసెయ్యాలి, కంప్యూటర్‌కి కొత్త ఇంజెక్టర్ల సంగతి చెప్పాలి. లేకపోతే అది ఇంకా 19 పౌండ్లవే అనుకుని రెట్టింపుకి పైగా పెట్రోలు పోస్తుంది. నీ అదృష్టం, 1989 నుంచి 5.0 మస్టాంగ్‌లన్నీ ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ మీటరుతో వచ్చాయి. 1988 అయి ఉంటే కాలిఫోర్నియా కారైతే తప్ప గాలిని అంచనా మాత్రమే వేసే స్పీడ్ డెన్సిటీ పద్ధతి ఉండేది, ముందు దాన్నే మార్చాల్సొచ్చేది. ఇప్పుడు నీ ముందు రెండు దారులు. 42 పౌండ్లకి కాలిబ్రేట్ చేసిన మీటరు అని అమ్ముతారు. అది గాలి తక్కువొస్తోందని కంప్యూటర్‌కి అబద్ధం చెప్తుంది, అలా పెట్రోలు లెక్క సరిపోతుంది. కానీ ఇగ్నిషన్ టైమింగ్ కూడా ఆ గాలి లెక్క మీదే ఆధారపడుతుంది. గాలి తక్కువ అనుకుని కంప్యూటర్ టైమింగ్‌ని ముందుకి జరుపుతుంది, సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్‌కి అది విషం. రెండో దారి, అబద్ధం చెప్పని పెద్ద మీటరు పెట్టి, కంప్యూటర్ వెనక ఉన్న సర్వీస్ పోర్టులో చిప్ పెట్టి, ఇంజెక్టర్ లెక్కలు, మీటరు లెక్కలు సరిగ్గా రాయించడం. నా ఓటు దీనికే. నీది మాన్యువల్ కాబట్టి ఏ9ఎల్ రకం కంప్యూటర్ ఉండే అవకాశం ఎక్కువ, దాని స్టిక్కర్ చూడు. ఈఈసీ-4 అనే ఈ తరం ఫోర్డ్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయడం తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు, దొరికినప్పుడే చేయించుకో.

ఇంజెక్టర్లు సెకండ్ హ్యాండ్ కొంటే ఫ్లో టెస్ట్ చేయించి, ఎనిమిదింటి అంకెలు కాగితం మీద తీసుకో. వైడ్‌బ్యాండ్ చూపించేది ఇంజన్‌లో ఒక వైపున్న నాలుగు సిలిండర్ల సగటు మాత్రమే. వాటిలో ఒక్కటి ఎండిపోతున్నా మీటరు బాగానే ఉందంటుంది. ఆటోనగర్‌లో ఆ గాజు గొట్టాలు చూపించేది ఈ తేడానే.

అంతా అయ్యాక మొదటి రన్ 93 ఆక్టేన్ పోసి, ట్యాంకు సగానికి పైగా ఉండగా చెయ్యి. గేజిని పొడవాటి గొట్టంతో హుడ్ వెనక అంచులోంచి బయటకి తీసి, అద్దానికి బయటివైపే టేపుతో అంటించు. పెట్రోలు గొట్టం క్యాబిన్‌లోకి ఎప్పుడూ రాకూడదు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో తీయించు. డ్రాగ్ స్ట్రిప్‌లో గానీ డైనో (కారుని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద గానీ మూడో గేర్‌లో ముందు 4,000 దాకా, తర్వాత 4,500, ఆ తర్వాత 5,000. ప్రెషర్ బూస్ట్‌తో సమానంగా ఎక్కుతూ 47 దగ్గరికి రావాలి, ఎక్కడా తగ్గకూడదు. వైడ్‌బ్యాండ్ మీటరు 11.5, 12 మధ్య ఉండాలి. 12.3 దాటిందంటే కాలు తీసెయ్యి, ఆ రోజుకి అక్కడితో ఆపు.

అవన్నీ తర్వాత. ఈ శనివారం క్యాన్ పరీక్ష చేసి నాకు మూడు అంకెలు పంపు: 47 పీఎస్‌ఐ దగ్గర 30 సెకన్లకి ఎంత వచ్చింది, అప్పుడు పంపు ప్లగ్ దగ్గర వోల్టేజీ ఎంత, బ్యాటరీ దగ్గర ఎంత. ప్లగ్గులు ఎనిమిదీ విప్పి, సిలిండర్ నంబర్లు రాసి వరసగా పెట్టి, పింగాణీ కనిపించేలా దగ్గరనుంచి ఫొటో కూడా తియ్యి. చుక్కలున్నాయో లేవో చూశాకే ఏం కొనాలో చెప్తాను.